బోను గూడుగా మారాలంటే



ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాలలో పిల్లల చదువు గురించి, అత్తాకోడళ్ల పొత్తు గురించి, అప్పుల గురించి అడిగేవే ఎక్కువ. కాని ఈసారి వచ్చిన ఒక ఉత్తరం కుక్కను గురించినది. చదివి పక్కన పెట్టవలసిన ఉత్తరం కాదు గనుక ఈ నెల పేజీని దానికే ఇస్తున్నాను.

కాలువగట్టు గ్రామం నుండి ఒక సహోదరి వ్రాశారు. వరికోతల రోజుల్లో వారి ఇంటి కుక్క ట్రాక్టరు ట్రక్కు కింద పడింది. వెనుక కాలు విరిగింది. పశువైద్యశాలలో డాక్టరుగారు ఎముక సరిచేసి కట్టు కట్టారు. "ఆరు వారాలు పరుగెత్తనీయకండి, గెంతనీయకండి, చిన్న చోటులో కట్టడిగా ఉంచండి" అని చెప్పి పంపించారు. ఇంటాయన పాత కోళ్లగూడును కడిగి, ఊచలు బిగించి, కుక్కను అందులో పెట్టి తలుపు వేశారు. ఆ రాత్రి నుండి ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు. కుక్క ఏడుస్తుంది, ఊచలు కొరుకుతుంది, చిగుళ్ల నుండి రక్తం కారుతుంది. "అరిచి అరిచి అదే ఊరుకుంటుంది, మీరెవ్వరూ పలకవద్దు" అని అత్తగారు అంటున్నారు. చిన్నవాడు చూడలేక అర్ధరాత్రి లేచి తలుపు తీసేస్తున్నాడు. తీస్తే కుక్క గెంతి కాలు మళ్లీ పాడు చేసుకుంటుందని భయం. తీయకపోతే నోరు పుండవుతుందని భయం. "గోరుచుట్టు మీద రోకటిపోటులాగ ఉంది మా పని. ఏమి చేయమంటారు?" అని ఆ తల్లి అడిగారు.

ఇది ఒక ఇంటి సమస్య మాత్రమే కాదు. ఇప్పుడు మన పల్లెలలో కూడా కుక్కను కొంతసేపైనా మూసి ఉంచవలసిన సందర్భాలు పెరిగినవి. టీకా వేయించడానికి ఆటోలో పశువైద్యశాలకు తీసుకొని వెళ్లాలి. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించిన తరువాత కుట్లు మానేవరకు కదలకుండా చూడాలి. ఊరు మారేటప్పుడు లారీలోనో, రైలు బ్రేక్‌వ్యానులోని కుక్కల పెట్టెలోనో ప్రయాణం చేయించాలి. పెళ్లిపందిరిలో వందమంది తిరుగుతున్నప్పుడు పక్కకు ఉంచాలి. ఇవన్నీ అవసరాలే. అయితే అవసరం మనది, భయం దానిది. ఈ రెండింటికి మధ్య దారి ఎలా వేయాలో చూద్దాం.

బోను, గూడు

మన భాషలోనే ఈ విషయం కొంత దాగి ఉన్నది. బోను అంటే మనకు ఏమి గుర్తుకు వస్తుంది? ఎలుకల బోను, పులి బోను, కోర్టులో ముద్దాయి నిలబడే బోను. గూడు అంటే పిచ్చుక గూడు, పొద్దు గూకితే చేరుకొనే చోటు. రెండూ నాలుగు గోడల ఇరుకు చోట్లే. కాని ఒకదానిలోకి జీవిని పట్టి తోస్తారు. రెండవదానిలోకి జీవి తనంతట తాను వస్తుంది.

కుక్క జాతి మూలంలో తోడేలు ఉన్నది. తోడేలు తల్లి నేలలో గుంత తవ్వుకొని గాని, రాళ్ల సందు చూసుకొని గాని పిల్లలను పెడుతుంది. మన నాటుకుక్క కూడా ఈనే సమయానికి గడ్డివామి కిందికో, గాదె కిందికో చేరి మట్టి గీరి గుంత చేసుకోవడం మీరందరూ చూసినదే. అందుచేత "కుక్కకు ఇరుకు చోటు అంటే సహజంగానే ఇష్టం, పెట్టెలో పెడితే అదే సర్దుకుంటుంది" అని కొందరు చెబుతారు. ఇది సగం నిజం మాత్రమే. పిల్లలు కాస్త ఎదిగిన తరువాత తోడేళ్లు ఆ గుంతను వదలివేస్తాయి. ముఖ్యమైన సంగతి మరొకటి ఉన్నది. ఆ గుంతకు తలుపు లేదు. బయట భయమైతే లోపలికి పోవచ్చు, లోపల ఉక్కపోస్తే బయటికి రావచ్చు. వచ్చిపోయే స్వేచ్ఛ ఉన్నందుకే అది గూడు అయింది. తలుపు బిగించిన రోజున అదే గుంత బోను అవుతుంది. కనుక మనం కుక్కకు నేర్పవలసినది ఒక్కటే. ఈ తలుపు మూసుకున్నా మళ్లీ తప్పక తెరుచుకుంటుందన్న నమ్మకం దానికి కలగాలి.

ఊరుకున్నది గదా అనుకోకండి

పెద్దావిడ మాట మీద ఇక్కడ కొంచెం ఆగాలి. "అరిచి అరిచి అదే ఊరుకుంటుంది" అన్నారు. ఆ మాట అబద్ధం కాదు. చాలా కుక్కలు మూడు నాలుగు రోజులకు ఊరుకుంటాయి. కాని ఆ ఊరుకోవడం ఎలాంటిది?

1967లో అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో మార్టిన్ సెలిగ్మన్, స్టీవెన్ మేయర్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు కుక్కలతో ఒక ప్రయోగం చేశారు. కొన్ని కుక్కలను కదలకుండా కట్టి కరెంటు షాకులు ఇచ్చారు. అవి ఏమి చేసినా ఆ బాధ ఆగదు. తరువాత ఆ కుక్కలను రెండు అరలు ఉన్న పెట్టెలో పెట్టారు. మధ్యలో చిన్న అడ్డు మాత్రమే ఉంది, దూకితే బాధ లేని రెండవ అరలోకి పోవచ్చు. ఇంతకుముందు బాధపడని కుక్కలు వెంటనే దూకాయి. బాధపడిన కుక్కలలో ఎక్కువ భాగం దూకలేదు. మూలుగుతూ అక్కడే పడుకున్నాయి. దారి ఎదురుగా ఉన్నా దారి చూడటం మానివేశాయి. ఇలాంటి ప్రయోగాన్ని ఈనాడు ఎవరూ హర్షించరు. కాని అది చూపించిన సత్యం మాత్రం మనకు పనికివస్తుంది. చప్పుడు లేకపోవడం నెమ్మది కాదు. ఆశ వదలుకున్న జీవి కూడా చప్పుడు చేయదు.

ఇంకొక సంగతి. 1957 నవంబరు 3న రష్యావారు లైకా అనే కుక్కను అంతరిక్షంలోకి పంపారు. అది మాస్కో వీధుల్లో తిరిగిన కుక్క. రాకెట్టులోని ఇరుకు అరకు అలవాటు చేయడానికి అలాంటి కుక్కలను ముందుగా చిన్న బోనులో, తరువాత అంతకన్న చిన్న బోనులో రోజుల తరబడి ఉంచారు. అవి మలమూత్రాలు బిగబట్టుకొన్నాయి, వాటి ఆరోగ్యం దెబ్బతిన్నది. లైకా తిరిగి రాలేదు. బయలుదేరిన కొన్ని గంటలలోనే వేడికి తట్టుకోలేక చనిపోయిందన్న నిజం 2002లో గాని బయటపడలేదు. బలవంతంగా ఇరికించి అలవాటు చేయబోతే దేహమే ఎదురు తిరుగుతుందని ఆ కుక్కలు చూపించినవి.

కనుక ఆ సహోదరితో నేను చెప్పేది ఇది: అమ్మా, మీ అత్తగారు రాత్రి నిద్ర చెడుతుందని అన్నమాటే గాని కఠినంతో అన్నమాట కాదు. అయినా ఆ మార్గం వద్దు. మీ చిన్నవాడు జాలితో చేస్తున్న పని కూడా వద్దు. అరచినప్పుడల్లా తలుపు తీస్తే అరిస్తేనే తలుపు తెరుచుకుంటుందని కుక్క నేర్చుకుంటుంది, గెంతితే కాలు పోతుంది. అరవక ముందే, అడగక ముందే మీరు దానికి ధైర్యం ఇవ్వాలి. అది ఎలాగో కింద వ్రాస్తున్నాను.

పెట్టె ఎలా ఉండాలి

మొదట కొలత. కుక్క తల వంచకుండా నిలబడగలగాలి, చుట్టూ తిరగగలగాలి, కాళ్లు చాపుకొని పక్కకు పడుకోగలగాలి. ముక్కు కొన నుండి తోక మొదలు వరకు కొలిచి దానికి ఆరంగుళాలు కలిపితే పొడవు వస్తుంది. నిలబడినప్పుడు నేల నుండి తల పైభాగం వరకు కొలిచి నాలుగంగుళాలు కలిపితే ఎత్తు వస్తుంది. మధ్యరకం నాటుకుక్కకు మూడడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండున్నర అడుగుల ఎత్తు ఇంచుమించు సరిపోతుంది. పాత కోళ్లగూళ్లు చాలావరకు ఎత్తు చాలవు. వంగి నిలబడిన కుక్క ఎంత నేర్పినా నెమ్మది పడదు.

వడ్రంగి చేత చేయిస్తే మేకుల మొనలు లోపలికి రాకుండా చూడమనండి. పాదము గాని మూతి గాని ఇరుక్కుపోయే సందులు ఉండరాదు. కొత్తగా రంగు వేసిన చెక్క వద్దు, కుక్క కొరుకుతుంది. కింద వరిగడ్డి పరచి దానిమీద గోనెపట్టా వేయండి, కాలు జారదు. ఇంట్లో కుక్కకు ఇష్టమైనవారి పాత చొక్కానో పాత చీర ముక్కనో అందులో ఉంచండి. కుక్క లోకమంతా వాసనలోనే ఉంటుంది. మీ వాసన ఉన్నచోట మీరు ఉన్నట్టే. మూడువైపులా పాత దుప్పటి కప్పి ఒకవైపు గాలి ఆడేలా వదలండి. మెడ పట్టీని తీసివేసి లోపల పెట్టండి. ఊచకు పట్టీ తగులుకొని ఉరి పడే ప్రమాదం ఉన్నది.

ఇక చోటు. మనవైపు ఎండలు తెలిసినవే. కుక్కకు మనలాగ ఒళ్లంతా చెమట పట్టదు. పాదాల అడుగున తప్ప చెమట లేదు. నాలుక చాపి వగర్చడం ద్వారానే ఒంటి వేడి పోగొట్టుకుంటుంది. దాని సహజమైన వేడి 101 నుండి 102.5 డిగ్రీల ఫారన్‌హీట్ వరకు ఉంటుంది. 106 దాటితే ప్రాణం మీదికి వస్తుంది. కనుక రేకుల షెడ్డు కిందగాని, మూసిన ఆటోలోగాని, ఎండ తగిలే అరుగు మీదగాని పెట్టె పెట్టవద్దు. వేపచెట్టు నీడ, గాలి వచ్చే వసారా మంచివి. నీళ్ల గిన్నె ఒరిగిపోకుండా ఊచకు కట్టండి. దొడ్డిలో ఒంటరిగా కాక మనుషులు కూర్చునే చోట ఉంచండి. కుక్క మంద జంతువు. మీ మాట వినబడే దూరంలో ఉంటే సగం భయం తగ్గుతుంది.

మెట్టు మీద మెట్టు

రష్యాలో ఇవాన్ పావ్‌లోవ్ అనే వైద్యశాస్త్రజ్ఞుడు జీర్ణక్రియ మీద చేసిన పరిశోధనకు 1904లో నోబెల్ బహుమతి పొందాడు. ఆయన దగ్గర ఉన్న కుక్కలు అన్నం కంటబడక ముందే, అన్నం వస్తుందన్న గుర్తు తెలియగానే నోరూరించేవి. గుర్తుకు, దాని తరువాత వచ్చే దానికి కుక్క మనసులో ముడి పడుతుంది. ఈ ముడి మంచికైనా పడుతుంది, చెడుకైనా పడుతుంది. పెట్టె కనబడితే నొప్పి, ఒంటరితనం గుర్తుకు వస్తే అది చెడు ముడి. పెట్టె కనబడితే గుడ్డు ముక్క గుర్తుకు వస్తే అది మంచి ముడి. మనం చేయవలసిన పని అంతా ఈ రెండవ ముడి వేయడమే.

మొదటి మెట్టు: తలుపు ఊడదీయండి, లేదా తాడుతో వెనక్కి కట్టివేయండి. తలుపు తగిలి చప్పుడైతే అక్కడే భయం మొదలవుతుంది. ఒక రోజంతా పెట్టె అలా ఉండనీయండి. కుక్కను పిలవవద్దు, తోయవద్దు. వాసన చూసి పోతే పోనీయండి.

రెండవ మెట్టు: ఉడికిన గుడ్డు ముక్కలో, కోడి కార్జం ముక్కలో తీసుకొని పెట్టెకు ఎదురుగా ఒకటి, గడప దగ్గర ఒకటి, కాస్త లోపల ఒకటి వేయండి. తిని బయటికి వస్తే రానీయండి. అలా పోయి రావడమే పాఠం. రోజుకు నాలుగైదుసార్లు, ఒక్కొక్కసారి ఐదు నిమిషాలు చాలు. ఉల్లిపాయ, ద్రాక్ష, చాక్లెట్టు, ఉడికించిన కోడి ఎముకలు మాత్రం పెట్టవద్దు. ఇవి కుక్కకు హాని చేస్తాయి.

మూడవ మెట్టు: అన్నం గిన్నెను గడప దగ్గర, తరువాత మధ్యలో, తరువాత చివర పెట్టండి. అన్నం లోపలే తినడం అలవాటు కావాలి. లోపలికి పోయేటప్పుడు ఒకే మాట అనండి. "గూట్లోకి" అనండి చాలు. ఇంట్లో అందరూ అదే మాట అనాలి. ఒకరు "పో" అని, ఒకరు "లోపల పడుకో" అని అంటే కుక్కకు తెలియదు.

నాలుగవ మెట్టు: తింటూ ఉండగా తలుపు మెల్లగా దగ్గరికి వేయండి, గొళ్లెం పెట్టవద్దు. తిని తల ఎత్తక ముందే తెరవండి. మరుసటిసారి తిన్నాక పది లెక్కపెట్టేవరకు ఉంచండి. తరువాత ఒక నిమిషం, ఐదు నిమిషాలు, పావుగంట. మీరు పక్కనే కూర్చుని బియ్యం ఏరుకోండి, పూలు కట్టుకోండి.

ఐదవ మెట్టు: మీరు లేచి నాలుగడుగులు వేసి తిరిగి రండి. తరువాత వంటింట్లోకి పోయి రండి. తరువాత బావి దగ్గరకు పోయి రండి. పోయేటప్పుడు జాలిమాటలు, వచ్చేటప్పుడు గంతులు వద్దు. ఏ విశేషమూ లేనట్టు పోయి రావాలి.

ఏ మెట్టు దగ్గరైనా కుక్క బెదిరితే వెనుకటి మెట్టుకు దిగండి. అది ఓటమి కాదు. కొన్ని కుక్కలకు వారం పడుతుంది, కొన్నింటికి నెల పడుతుంది. నిదానమే ప్రధానం అన్న మాట ఇక్కడ అక్షరాలా నిజం. కుక్కపిల్లలైతే త్వరగా నేర్చుకుంటాయి. అమెరికాలో స్కాట్, ఫుల్లర్ అనే ఇద్దరు ఏళ్ల తరబడి కుక్కపిల్లలను పరిశీలించి 1965లో పుస్తకం ప్రచురించారు. మూడవ వారం నుండి సుమారు పన్నెండవ వారం వరకు పిల్ల మనసు లోకాన్ని చేరదీసే కాలమని వారు చూపారు. ఆ వయసులో పెట్టెను, ఆటోను, కొత్త మనుషులను మంచిగా పరిచయం చేస్తే జీవితమంతా నిలుస్తుంది. మొక్కై వంగనిది మానై వంగునా అని మన పెద్దలు ఊరికే అనలేదు.

కాలు విరిగిన కుక్కకు ఏమి చేయాలి

ఆ సహోదరికి నెల రోజులు ఆగి నేర్పే వీలు లేదు. కుక్క ఈ రోజే కదలకుండా ఉండాలి. అలాంటప్పుడు మార్గం కొంచెం వేరు. పైన చెప్పిన పాఠాలు పగలు జరుపుతూనే ఉండండి. గడప దాటడం, లోపల తినడం కట్టు ఉన్న కుక్క కూడా నడకతోనే చేయగలదు, గెంతనవసరం లేదు. పాఠం లేని సమయంలో వసారా మూలను మూడు పలకలతో అడ్డుకట్టి చిన్న చోటుగా చేయండి. అది పెట్టె కాదు గనుక భయం తక్కువ. పొట్టి తాడుతో ఒక మనిషి దగ్గర ఉండగా పడుకోబెట్టండి. మనిషి లేనప్పుడు కట్టి వదలవద్దు, మెలికలు పడుతుంది.

మొదటి నాలుగైదు రాత్రులు ఇంట్లో ఒకరు దాని పక్కనే చాప వేసుకొని పడుకోవాలి. చిన్నవాడు అర్ధరాత్రి ఎలాగూ లేస్తున్నాడు గనుక ఆ పని పెద్దవారి తోడుతో అతనికే ఇవ్వండి. తలుపు తీయవద్దు, ఊచల మధ్య వేళ్లు ఆనించి మెల్లగా మాట్లాడమనండి. తరువాత చాపను రోజుకు ఒక అడుగు దూరం జరపండి. అలా జరిపితే వారం పది రోజులకు చాప గది అవతలికి చేరుతుంది.

మూత్రానికి తీసుకొని వెళ్లేటప్పుడు కడుపు కింద కండువా వేసి రెండు కొసలు పైకి పట్టుకుంటే వెనుక కాళ్ల మీద బరువు పడదు. రోజుకు నాలుగైదుసార్లు తీసుకొని వెళ్లండి. రాత్రి అరుపు కొన్నిసార్లు భయం వలన కాదు, మూత్రం వలన. కట్టు తడవనీయవద్దు. కాలి వేళ్లు వాచినా, చల్లబడినా, చెడువాసన వచ్చినా వెంటనే డాక్టరుగారి దగ్గరకు పోవాలి. చిగుళ్లు కూడా ఆయనకు చూపించండి. నెమ్మది పడటానికి మందు ఏమైనా ఇవ్వవచ్చునా అని ఆయననే అడగండి. ఇంట్లో మనం వేసుకొనే నొప్పి మాత్రలు మాత్రం దానికి వేయవద్దు. ఇబుప్రొఫెన్ కుక్కకు విషమే. పారాసిటమాల్ కూడా డాక్టరు మాట లేకుండా ఇవ్వరాదు.

ఒక హెచ్చరిక. టీకా వేయని కుక్క గాయం ఏమీ లేకుండానే ఉన్నట్టుండి ఊచలు కొరకడం, గొంతు మారడం, చొంగ కార్చడం, మింగలేకపోవడం చేస్తే దాన్ని ఓదార్చడానికి దగ్గరకు పోవద్దు. రేబిస్ కావచ్చు. పశువైద్యునికి కబురు చేయండి. ఎవరినైనా కరచినట్లయితే గాయాన్ని సబ్బుతో పారే నీళ్ల కింద పదిహేను నిమిషాలు కడిగి, అదే రోజు ఆసుపత్రికి వెళ్లి టీకాలు మొదలుపెట్టాలి. కరచిన కుక్క దొరికితే పది రోజులు గమనించాలి. కుక్కపిల్లకు మూడు నెలల వయసులో మొదటి రేబిస్ టీకా, తరువాత ఏటేటా మరొకటి వేయించడం మీ పిల్లల ప్రాణానికే కాపు.

నెమ్మదిగా ఉన్నదని ఎలా తెలుస్తుంది

పిలవకుండానే లోపలికి పోయి పడుకుంటే, ఒళ్లు వదులు చేసి పక్కకు ఒరిగితే, పెద్ద నిట్టూర్పు విడిచి కళ్లు మూస్తే, పెట్టినది లోపలే తింటే అది గూడు అయినట్టు. ఎండ లేకుండా వగర్చడం, చొంగ, మాటిమాటికి ఆవలింతలు, పెదవులు నాక్కోవడం, తోక కాళ్ల మధ్య దోపుకోవడం, కంటి తెలుపు కనబడటం, ఇష్టమైన ముక్కను కూడా ముట్టకపోవడం భయానికి గుర్తులు. గోడవైపు తిరిగి చప్పుడు లేకుండా ముడుచుకొని ఉండటం కూడా భయమే. దానిని మంచితనం అనుకోకండి.

హద్దులు కూడా ఉన్నవి. వైద్యుడు చెప్పినప్పుడు తప్ప ఎదిగిన కుక్కను పగలు నాలుగు గంటలకు మించి మూసి ఉంచరాదు. పిల్లలైతే ఎన్ని నెలల వయసో ఇంచుమించు అన్ని గంటలు మాత్రమే మూత్రం ఆపుకోగలవు, అదీ కొద్ది నెలల వరకే లెక్క. కోపం వచ్చినప్పుడు శిక్షగా లోపల వేయవద్దు. ఒక్కసారి శిక్ష అయిన చోటు మళ్లీ గూడు కావడం కష్టం. దీపావళి రాత్రి, కొత్త సంవత్సరం రాత్రి బాణసంచా చప్పుడుకు కుక్క తానే పెట్టెలోకి దూరితే తలుపు తెరిచే ఉంచండి. బయటికి రావచ్చునన్న ధైర్యం ఉంటేనే లోపల ఉండగలదు.

ఇది దయతో మాత్రమే ముడిపడిన విషయం కాదు, చట్టం కూడా ఉన్నది. జంతువులపై క్రూరత్వ నివారణ చట్టం మన దేశంలో 1960లో వచ్చింది. తగినంత ఎత్తు, పొడవు, వెడల్పు లేని బోనులో జంతువును ఉంచడం, మరీ పొట్టి గొలుసుతోగాని మరీ బరువు గొలుసుతోగాని అతిగా కట్టివేయడం, ఎప్పుడూ కట్టే ఉంచే కుక్కను బొత్తిగా నడిపించకపోవడం అందులోని 11వ సెక్షను ప్రకారం నేరాలు.

ఇంటిల్లిపాదికి ఒక మాట

పైన చెప్పిన పెన్సిల్వేనియా ప్రయోగానికి మరొక భాగం ఉన్నది. ఆశ వదలుకున్న ఆ కుక్కలను తరువాత ఏమి చేశారు? తలుపు తెరచి పిలిస్తే రాలేదు, ముక్క చూపినా రాలేదు. అప్పుడు మెడకు తాడు కట్టి అడ్డు మీదుగా అవతలికి నడిపించారు. ఒకసారి కాదు, మళ్లీ మళ్లీ. మొదట ఈడ్చవలసి వచ్చింది. పోను పోను బలం తక్కువ పట్టింది. చివరకు అవి తమంతట తామే దాటడం నేర్చుకున్నాయి. ఆశ పోయిన చోట ఆశ మరలా పుట్టింది. అయితే ఎవరో ఒకరు విసుగు లేకుండా చేయి అందించవలసి వచ్చింది.

మన ఇళ్లలో కూడా ఊరుకున్నవారు ఉంటారు. దెబ్బలకు ఏడుపు మానుకున్న పిల్లవాడిని "ఇప్పుడు బుద్ధి వచ్చింది" అంటాము. ఎదురు చెప్పడం మానిన కోడలిని "సర్దుకున్నది" అంటాము. మూల మంచం మీద ఏమీ అడగని ముసలి తండ్రిని "ఏ ఇబ్బందీ లేదు" అంటాము. ఆ మౌనం నెమ్మదివలన వచ్చినదా, అడిగి లాభం లేదన్న నిరాశవలన వచ్చినదా అని ఒకసారి దగ్గర కూర్చుని చూడండి. తిన్నారా, నిద్రపోయారా, నవ్వారా అన్నవి కుక్కకే కాదు, మనిషికి కూడా గుర్తులే.

ఇంట్లో కుక్క ఉన్నవారు ఈ వారంలోనే ఒక పాత పెట్టెను వసారాలో తలుపు తీసి పెట్టండి. అవసరం వచ్చిన రోజున కాదు, అవసరం లేని ఈ రోజున మొదలుపెట్టండి. రోజుకొక గుడ్డు ముక్క ఖర్చు అవుతుంది. కాలు విరిగిన రోజునో, లారీ ఎక్కవలసిన రోజునో, "గూట్లోకి" అన్న ఒక్క మాటకు అది లోపలికి నడచి పడుకుంటుంది. పిల్లలకు ఈ పని అప్పగించండి, పెద్దలు పక్కన ఉండండి. ఒక మూగజీవి నమ్మకాన్ని సంపాదించడం ఎంత మెల్లని పనో వాళ్లకు చిన్నప్పుడే తెలుస్తుంది.

వచ్చే నెల మరొక ఉత్తరంతో కలుసుకుందాము. అంతవరకు సెలవు.